వేరుశనగ చేలో రక్తపింజర పిల్లలు, కూలీలు దిగనంటున్నారు

కళ్యాణదుర్గం రైతు

నిన్న మా ఎర్రనేల చేలో వేరుశనగ పీకిస్తుంటే చాలులో జానెడు పొడవున్న పాము పిల్ల కనిపించింది. కాసేపటికి గట్టు వైపు ఇంకొన్ని. ఒళ్ళంతా గొలుసు మచ్చలు. కూలీల్లో ఒకామె కొండచిలువ పిల్లలంది, మా చిన్నాన్న మాత్రం చూడగానే రక్తపింజర అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక ఒక్కరూ చేలో కాలు పెట్టడం లేదు. మబ్బు పట్టి ఉంది. తడిస్తే కాయ నేలలోనే మొలకెత్తుతుంది. ఫోటో పెట్టాను. ఇవి నిజంగా అవేనా? తల్లి కూడా అక్కడే ఉంటుందా? చేను ఖాళీ చేయించే మార్గం ఏదైనా ఉందా?

జంతుశాస్త్రం మాస్టారు

మీ చిన్నాన్న చూపు గట్టిది. ఇవి రక్తపింజర పిల్లలే. వెన్ను మీద ఒక వరుస, అటూ ఇటూ ఒక్కో వరుస, మొత్తం మూడు వరుసల మచ్చలు. ఒక్కో మచ్చ గోధుమరంగులో ఉండి, చుట్టూ నల్లటి అంచు, దాన్ని ఒరుసుకుని సన్నటి తెల్ల గీత కనిపిస్తాయి. కొండచిలువ మచ్చలకు ఇంత క్రమం ఉండదు, ఒక్కోటి ఒక్కో ఆకారంలో పెద్దపెద్దగా పరుచుకుని ఉంటాయి. రక్తపింజర తల మూడు మూలలుగా, మెడ కంటే బాగా వెడల్పుగా ఉంటుంది. ముక్కు రంధ్రాలు దాని తలకు ఎక్కువేమో అనిపించేంత పెద్దవి.

తల్లి గురించి అడిగారు. నాగుపాములా, జెర్రిపోతులా ఇది గుడ్లు పెట్టి పొదగదు. గుడ్డు కడుపులోనే ఎదిగి పిల్లగా బయటికి వస్తుంది. చలికాలంలో జత కడుతుంది, ఆరు నెలలకు పైగా మోస్తుంది. ఈతలు మే నుంచి నవంబరు దాకా ఎప్పుడైనా జరగవచ్చు, జూన్, జూలైలలో ఎక్కువ. ఒక ఈతకు 20 నుంచి 40 పిల్లలు మామూలు, 60 దాటినవీ నమోదయ్యాయి. పుట్టిన పిల్ల 21 నుంచి 26 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే మీరు చెప్పిన జానెడే. కనేశాక తల్లికీ పిల్లలకీ సంబంధం లేదు. కాపలా కాయదు, మేత పెట్టదు. కాబట్టి పిల్లలున్నాయి గనుక తల్లి పక్కనే పొంచి ఉంటుందన్న లెక్క సరికాదు. అయితే ఆ చేలో ఎలుకలు దండిగా ఉన్నాయంటే పెద్దవి కూడా ఉండే అవకాశం ఉంది, అది వేరే సంగతి.

చీనీ తోట

పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని మా అవ్వ చెప్పేది. తల్లి బతకదని కూడా అంటారు. నిజమా మాస్టారూ?

జంతుశాస్త్రం మాస్టారు

కాదు. పలుచటి పొరలో చుట్టుకుని మామూలు దారినే బయటికి వస్తాయి, ఆ పొరను చించుకుని పాక్కుంటూ పోతాయి. తల్లి నిక్షేపంగా బతికి, మళ్ళీ ఈనుతుంది. ఈ నమ్మకం ఎలా పుట్టిందో నాకు తోచింది చెబుతాను. నిండు చూలుతో బరువెక్కిన పాము వేగంగా పారిపోలేదు, దుడ్డుకర్రకు సులువుగా దొరుకుతుంది. పొట్ట మీద దెబ్బ పడితే పిల్లలు బయటపడతాయి. చూసినవాళ్ళు దెబ్బను మరిచి పిల్లలను గుర్తుపెట్టుకున్నారు.

ఊరి పెద్ద

రక్తపింజర గాలి తగిలినా ఒళ్ళు పుండ్లు పడుతుందని పెద్దలు ఊరికే అనలేదు. పిల్లలకు విషం ఉండదని కూడా విన్నాను, ఏరి పారేస్తే సరిపోతుంది కదా.

పాములు పట్టే తమ్ముడు

అయ్యా, దయచేసి ఆ రెండో మాట ఎవరికీ చెప్పకండి. పుట్టిన నిమిషం నుంచే కోరలూ ఉంటాయి, విషమూ ఉంటుంది. పెద్దదానితో పోలిస్తే దింపే విషం తక్కువే కావచ్చు గానీ ఆసుపత్రికి పరుగెత్తించడానికి అది చాలు. చేత్తో ఎవరూ ముట్టకూడదు. చచ్చిందనుకున్న పిల్లను కూడా ముట్టకూడదు, తెగిన తలకు కూడా కాసేపు కరిచే శక్తి ఉంటుంది.

గాలి సంగతి: దాని బుసకు పెట్టింది పేరు. మన పాముల్లో అంత బిగ్గరగా బుస కొట్టేది లేదు, పక్క మడిలో ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు వినిపిస్తుంది. ఆ బుసలో విషం ఉండదు, పుండ్లూ రావు. నిజానికి ఆ బుస మనకు మేలే చేస్తుంది, వినపడితే ఎక్కడున్నామో అక్కడే ఆగి మెల్లగా వెనక్కి జరగవచ్చు. కష్టమంతా అది బుస కొట్టని సమయంలోనే.

మా ప్రాంతంలో నాగుపాము పిలుపులే ఎక్కువ వస్తాయి, ఎందుకంటే నాగుపాము కనబడుతుంది, కదులుతుంది, పడగ విప్పుతుంది. రక్తపింజర అలా కాదు. ఎండుటాకుల మధ్యో, పీకి ఆరబెట్టిన వేరుశనగ కట్టె (ఎండిన మొక్కల) కిందో చుట్ట చుట్టుకుని కదలకుండా పడి ఉంటుంది. మన ఎర్రనేలకూ ఎండిన వేరుశనగ కట్టెకూ దాని రంగు ఎంతగా కలిసిపోతుందంటే రెండు అడుగుల దూరంలో ఉన్నా కన్ను పట్టుకోదు. మనిషి అలికిడికి జెర్రిపోతు పరుగెడుతుంది, ఇది మాత్రం రంగును నమ్ముకుని అక్కడే ఉండిపోతుంది. అందుకే కర్రతో నేల మీద తడితే పాములన్నీ పోతాయన్న భరోసా దీని దగ్గర పనికిరాదు. కాలు పడితేనో, చెయ్యి పడితేనో తిరగబడుతుంది. మందకొడిగా కనిపించే ఆ ఒళ్ళు విసురుకు ఒక్కోసారి నేల మీద నుంచి పైకి లేస్తుంది.

కళ్యాణదుర్గం రైతు

ఇది చదివాక నాకే చేలోకి వెళ్ళాలనిపించడం లేదు తమ్ముడూ.

హెచ్చెల్సీ కాలువ

మా గార్లదిన్నె వైపు గట్ల మీద ఒక పొడి చల్లుతున్నారు, పాములు దరికి రావట. కొందరు ఫినాయిల్, కొందరు వెల్లుల్లి నీళ్ళు. ఎవరైనా వాడి చూశారా?

పాములు పట్టే తమ్ముడు

ఫినాయిల్ పోసిన మరుగుదొడ్డి మూలలోనే పామును పట్టాను అన్నా. ఇంతకంటే చెప్పేదేముంది? కార్బాలిక్ ఆమ్లం అయితే ఇంకా ప్రమాదం, పాము సంగతి ఏమో గానీ మన చర్మం కాలుతుంది.

జంతుశాస్త్రం మాస్టారు

పొడికి పెట్టే డబ్బు ఎలుకల మీద పెట్టండి. రక్తపింజర మన జిల్లాలో ఇంతగా స్థిరపడటానికి కారణం మనం వేసే పంటే. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. దట్టమైన అడవి లేదు, బీళ్ళు, ముళ్ళపొదలు, గట్లు, వాటి మధ్య వేరుశనగ. ఈ పాముకు దట్టమైన అడవి పెద్దగా నచ్చదు, ఇలాంటి బయలే దాని ఇల్లు. జూన్, జూలైలో విత్తనం పడ్డప్పటి నుంచి కాయ ఊరే దాకా చేను ఎలుకలకు విందు. కోత కాగానే ఆ ఎలుకలు కుప్పల కిందికి, కళ్ళం దగ్గరికి, చివరికి ఇంటి వెనుక వామి కిందికి మారతాయి. పాము వాటి వెనుకే వస్తుంది. మనల్ని వెతుక్కుంటూ వచ్చే పాము ఏదీ లేదు.

పిల్లగా ఉన్నప్పుడు దాని మేత బల్లులు, తొండ పిల్లలు, ఒక్కోసారి తోటి పాము పిల్లలే. పెరిగే కొద్దీ ఎలుకలకు మారుతుంది. దాని వేట తీరు కూడా తెలుసుకోవాలి. ఎలుక దారి పక్కన కాపు వేసి, దగ్గరికి రాగానే కాటేసి వదిలేస్తుంది. ఎలుక కొంత దూరం వెళ్ళి పడిపోతుంది, పాము నాలుక ఆడిస్తూ వాసన పట్టుకుని వెళ్ళి మింగుతుంది. అంటే అది గంటల తరబడి ఒకే చోట కదలకుండా కూర్చోవడం బద్ధకం వల్ల కాదు, అదే దాని వృత్తి. పొలం పనిలో మన చెయ్యి సరిగ్గా అలాంటి చోటే పడుతుంది. దీనికి ప్రధానంగా రాత్రే కాపు. చలి మొదలయ్యాక మాత్రం పొద్దుటి ఎండ కాచుకోవడానికి బయటికి వస్తుంది, కోతల రోజుల్లో ఉదయం పూట కనిపించేది అందుకే.

అన్నట్టు, దీని శాస్త్రీయ నామం డబోయా రస్సెలైలోని రస్సెల్ మన విశాఖపట్నంలో ఉన్నవాడే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో కోరమాండల్ తీరపు పాములను సేకరించి 1796లో పుస్తకం అచ్చు వేయించాడు. అందులో దీన్ని స్థానికులు పిలిచే కాటుక రేకుల పొడ అన్న పేరుతోనే నమోదు చేశాడు. మరుసటి ఏడాది జార్జ్ షా అనే జంతుశాస్త్రవేత్త ఈ పాముకు రస్సెల్ పేరు పెట్టాడు.

ఊరి పెద్ద

చదువు బాగుంది మాస్టారూ. కానీ మా ఊళ్ళో పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నాడు. పదుల మందిని లేపాడు. రక్తపింజర కాటు కూడా తగ్గించాడని చెబుతారు. వాళ్ళంతా అబద్ధమాడుతున్నారా?

రాత్రి డ్యూటీ సిస్టర్

అబద్ధం కాదు పెద్దాయనా, కానీ ఆ లెక్క వేరు. మనుషులను కరిచే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్న పాము కరిచినా కొన్నిసార్లు విషం దింపదు. ఇలాంటివాళ్ళు పసరు తాగినా, మజ్జిగ తాగినా లేచి కూర్చుంటారు. ఆ పేరు పసరుకు వెళుతుంది. లేవనివాళ్ళను మేము వార్డులో చూస్తాం, వాళ్ళ కథ ఊళ్ళో రచ్చబండ మీద చెప్పేవాళ్ళు ఉండరు.

రక్తపింజర కాటులో మోసం ఏమిటంటే మనిషి చాలాసేపు మాట్లాడుతూనే ఉంటాడు. కాటు చోట నొప్పి, వాపు వెంటనే మొదలవుతాయి. తర్వాత చిగుళ్ళలో రక్తం, మూత్రం ఎర్రగా రావడం, సూది గుచ్చిన చోట రక్తం ఆగకపోవడం. మన దక్షిణాది రక్తపింజరలకు ఇంకో గుణం కూడా ఉంది, కనురెప్పలు వాలిపోతాయి. రెప్పలు వాలాయి కాబట్టి నాగుపామో కట్లపామో అయి ఉంటుందని ఇంట్లోవాళ్ళు వాదిస్తారు. పాము ఏదో తేల్చే పని మాకు వదిలేయండి, దాన్ని చంపి సంచిలో వేసుకుని తేవద్దు. వీలైతే దూరం నుంచి ఫోటో చాలు.

కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. వాపు ఎక్కకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోన్ చేయండి. నడిపించవద్దు.

పెన్న ఒడ్డు

సిస్టర్ చెప్పినదానికి మా ఇల్లే సాక్ష్యం. మా నాన్నగారికి రాత్రి మోటారు వేయడానికి వెళ్ళినప్పుడు కాలి మడమ మీద కాటు పడింది. చుట్టాలు గట్టిగా తాడు బిగించి మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు, తెల్లారే దాకా అక్కడే. ఉదయానికి కాలు తొడ దాకా వాచింది, మూత్రం బాగా తగ్గిపోయింది. తర్వాత రక్తశుద్ధి (డయాలసిస్) చేయించుకుంటూ వారాలు గడిచాయి. ఆయన బతికారు. తాడు బిగించినవాళ్ళ మీద కోపం ఇప్పటికీ నాకు పోలేదు, ప్రేమతోనే చేశారని తెలిసినా సరే.

గాజుగొట్టం

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఈ పాము విషం ఏం చేస్తుందో చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. రోగి నరం నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి శుభ్రమైన పొడి గాజుగొట్టంలో వేసి, కదిలించకుండా 20 నిమిషాలు ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డకట్టి ఉంటే మంచిదే, ఇంకా నీళ్ళలా జారితే విషం పని చేస్తోందని అర్థం. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుపొడితో కడిగిన గొట్టమూ పనికిరాదు. మామూలు రక్తం కూడా గడ్డకట్టడానికి గాజు గోడ తగలాలి. చిన్న ఆరోగ్య కేంద్రంలో కూడా చేయగలిగే పరీక్ష ఇది.

బెంగళూరులో చదువుతున్న అనంత

ఒక సందేహం. విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుందని మా పాఠంలో ఉంది. మీరు గడ్డకట్టదంటున్నారు. రెండింటిలో ఏది సరైనది?

గాజుగొట్టం

రెండూ సరైనవే తల్లీ. రక్తం గడ్డకట్టడానికి వరుసగా పనిచేసే పదార్థాలు ఉన్నాయి కదా, అందులో పదోదాన్నీ ఐదోదాన్నీ ఈ విషం నేరుగా లేపుతుంది. ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ చిన్నచిన్న గడ్డలు కట్టి, ఉన్న సరుకంతా ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా గాయమైన చోట గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. అప్పుడు రక్తస్రావం మొదలవుతుంది. మూత్రపిండాలు దెబ్బతినడంలో ఈ చిన్న గడ్డల పాత్ర కూడా ఉంది.

ఇదే గుణాన్ని వైద్యులు తిప్పి వాడుకున్నారు. 1934లో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు ఇంగ్లండ్ పరిశోధకులు ఈ విషాన్ని బాగా పలుచన చేసి, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల గాయం మీద పూసి రక్తం ఆపవచ్చని చూపించారు. ఇప్పటికీ గర్భస్రావాలు పదేపదే అయ్యే కొందరు స్త్రీలకు చేసే ఒక రక్తపరీక్షలో పలుచన చేసిన రక్తపింజర విషమే వాడతారు. నగరంలో ఆ రిపోర్టు చేతిలో పట్టుకున్న ఎందరికి ఈ సంగతి తెలుసో!

చీనీ తోట

విరుగుడు మందు ఎన్ని సీసాలు ఎక్కిస్తారు సిస్టర్? మా పక్క తోటాయన కొడుకు చిన్నవాడు, వాడికి కూడా పెద్దవాళ్ళంత ఎక్కించారని గొడవ పెట్టుకున్నారు.

రాత్రి డ్యూటీ సిస్టర్

పాము పిల్లవాడిని చూసి విషం తగ్గించదు కదా. మందు మనిషి బరువుకు కాదు, ఒంట్లో పడ్డ విషానికి. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుందని లెక్క. ఒక సీసా మందు దాదాపు 6 మిల్లీగ్రాములను అణచగలదు. అందుకే మొదటి విడతలో 8 నుంచి 10 సీసాలు. ఆరు గంటల తర్వాత గాజుగొట్టం గారి పరీక్ష మళ్ళీ చేస్తారు, కాలేయం కొత్త సరుకు తయారు చేయడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. అప్పటికీ గడ్డకట్టకపోతే ఇంకో విడత. కొందరికి ఆ మందు పడక దద్దుర్లు, ఆయాసం వస్తాయి. దానికి విరుగుడు సూది పక్కనే పెట్టుకునే ఎక్కిస్తాం. ఇంట్లోనో, ఏ సదుపాయమూ లేని చోటో ఎక్కించకూడనిది ఇందుకే.

పాములు పట్టే తమ్ముడు

ఆ మందుకు కావలసిన విషం ఎక్కువగా తమిళనాడులో ఇరులర్లు అనే గిరిజనులు నడిపే సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో మొదలైంది. ఒకప్పుడు చర్మాల కోసం పాములు పట్టినవాళ్ళే ఇప్పుడు పట్టి, కొన్ని వారాలు ఉంచి, విషం తీసి, గుర్తు వేసి మళ్ళీ వదిలేస్తారు. ఆ విషాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి వాటి రక్తం నుంచి మందు తయారు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, గుట్టల్లో పొలుసులు రాపాడించి చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకే మందు. ఒక చిక్కు ఉంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఒక మూల విషంతో చేసిన మందు దేశమంతటా ఒకేలా పనిచేయకపోవచ్చు. మన జిల్లా పాముల విషం మన జిల్లాకు పనికొచ్చే మందులోకి వెళ్ళే రోజు రావాలని నా కోరిక.

కళ్యాణదుర్గం రైతు

అన్నీ చదివాను. ఇప్పుడు నా పని చెప్పండి. పిల్లలన్నిటినీ పట్టించి దూరంగా కొండల్లో వదలమంటారా?

పాములు పట్టే తమ్ముడు

పట్టడానికి నేను వస్తాను అన్నా, కానీ కొండల దాకా వద్దు. ఎక్కడో తీసుకెళ్ళి వదిలిన పాముకు దాక్కునే చోటు తెలియదు, మేత తెలియదు, దిక్కు తోచక తిరిగి ఎవరి కాలి కిందో పడుతుంది. కనబడినవాటిని డబ్బాలోకి ఎక్కించి అదే చుట్టుపక్కల మనిషి తిరగని ముళ్ళబీడులో వదులుతాను. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద దీనికి రక్షణ ఉంది, అటవీ శాఖకు చెప్పే చేద్దాం.

ఊరి పెద్ద

వదిలితే మళ్ళీ పెరిగి పెద్దవై ఊళ్ళోకే వస్తాయి. పగ పట్టేవి కాకపోవచ్చు, మీ మాటే ఒప్పుకుంటాను, అయినా ఇన్ని ఎందుకు బతకాలి?

జంతుశాస్త్రం మాస్టారు

అన్నీ బతకవు పెద్దాయనా. గద్దలు, ఉడుములు, ముంగిసలు, నెమళ్ళు, చివరికి నాగుపాము కూడా వాటిని తింటాయి. అన్ని పిల్లలను కనడం అందుకే. రెండు మూడేళ్ళకు ఈతకు వచ్చేసరికి మిగిలేవి కొద్ది. ఆ కొద్దివాటిని చంపితే మిగిలే ఎలుకలు వచ్చే ఏడాది మీ విత్తనాన్ని తింటాయి. అయితే మీ భయాన్ని నేను తీసిపారేయను. దేశంలో పాముకాటు మరణాలపై 2020లో వచ్చిన అధ్యయనం ఏడాదికి సగటున 58,000 మంది పోతున్నారని అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే, సరిగ్గా మనం పొలంలో ఉండే కాలంలోనే.

రాత్రి డ్యూటీ సిస్టర్

కూలీలకు బూట్లు, మందపాటి తోలు చేతితొడుగులు ఇప్పించండి అన్నా. ఖర్చు అనుకోకండి. మా దగ్గరికి వచ్చే కాట్లన్నీ దాదాపు చీలమండకు దిగువన, లేదంటే వేళ్ళ మీద.

కళ్యాణదుర్గం రైతు

బూట్లు కొన్నాను. తొడుగులతో కాయ పీకడం నెమ్మదిగా సాగుతుందని కూలీలు గొణిగారు, కూలి కొంచెం పెంచితే ఒప్పుకున్నారు. తమ్ముడు వచ్చి గట్టు పక్క పిల్లలను పట్టుకెళ్ళాడు. ఎండ పూర్తిగా వచ్చాకే పని మొదలుపెట్టిస్తున్నాను. పీకిన కట్టెను చేత్తో కాకుండా పొడవాటి కొంకికర్రతో తిరగేయిస్తున్నాను. ఇక ఒక్కటే మిగిలింది. కట్టె వామి ఎప్పుడూ పశువుల కొట్టం గోడకు ఆనించి వేస్తాం. ఈసారి ఎక్కడ వేయను?

పాములు పట్టే తమ్ముడు

గోడకు ఆనించవద్దు. ఇంటికీ కొట్టానికీ దూరంగా, చుట్టూ నేల చదునుగా కనిపించే చోట బండలు పేర్చి వాటి మీద వేయండి. బండల మధ్య సందులు మిగలకుండా మట్టితో పూడ్చండి, లేకపోతే ఎలుకకు మనమే గది కట్టించినట్టు. రాత్రి పశువులకు కట్టె తీయాల్సి వస్తే పొద్దు ఉండగానే తీసి పెట్టుకోండి. వదిన గారికి కూడా చెప్పండి, తెల్లవారుజామున వామి దగ్గరికి వెళ్ళేది ఆవిడే కదా.

చీనీ తోట

డ్రిప్పు పైపుల వెంట చెట్టు మొదట్లో పరిచిన ఎండుగడ్డి సంగతేమిటి తమ్ముడూ? మా తోటంతా అదే.

పాములు పట్టే తమ్ముడు

దానికి వేరే చర్చ మొదలుపెట్టండి అన్నా, ఫోటోలు పెట్టండి. చెట్టు మొదలు చుట్టూ మూరెడు ఖాళీ ఉంచితే నీటి తడి ఎంత తగ్గుతుందో తోటలవాళ్ళు చెప్పాలి, అది నాకు తెలిసిన విద్య కాదు.